బూడిదరంగు పెట్టె

అమ్మకు,

నీ కూతురు నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నా ఒళ్ళు బాగానే ఉంది, దగ్గు తగ్గింది. అక్కడ నువ్వూ, రోజుకు ఆరుసార్లు మూడంతస్తుల మెట్లెక్కే నీ మోకాళ్ళూ, నీ హాస్టలు పిల్లలూ క్షేమమని తలుస్తాను.

నీ ఉత్తరం మంగళవారం అందింది. అసలు సంగతికి ముందు నన్ను తిట్టిన పేరా ఉంది చూడు, దాన్ని నాలుగుసార్లు చదివాను. "డిగ్రీ చదివి చచ్చినవాళ్ళ పేర్లు ఏరుకుంటూ కూర్చున్నావు. బతికున్న తల్లికి ఫోన్ చేసి ముత్తాత పుట్టిన తేదీ అడుగుతావు" అని రాశావు. ఈ వంశవృక్షం కూడా నేను మధ్యలో వదిలేసిన టైపింగూ, కుట్టుపనీ లాంటిదేనన్నావు. మన ఇంట్లో నా సంగతి ఎప్పుడూ ఇంతే. ఊరుకుంటే పొగరు, అడిగితే ఆరా, వెతికితే తవ్వకం. చిన్నప్పటి నుంచీ నేను కొన్ని పేర్లు ఎత్తగానే మీరంతా మొహాలు చూసుకుని మాట మార్చేవారు. మీరు మాట మార్చిన చోట్లన్నీ వరసగా పేర్చితే ఏ బొమ్మ వస్తుందో చూద్దామని మొదలుపెట్టాను. కాలక్షేపానికి కాదు.

నువ్వు అడిగినవి చెబుతాను. వేళకు తింటున్నాను. కిటికీ గడియ సంగతి ఇంటావిడకు గుర్తుచేస్తే "రేపు" అంది. ఆవిడ రేపు మనకు తెలిసిందేగా. నేనే నాడాతో కట్టాను. ఇదివరకు గాలి కోసం తెరిచి పెట్టుకునేదాన్ని, ఇప్పుడు పగలు కూడా కట్టే ఉంచుతున్నాను. ఉద్యోగం మారే సంగతి అడిగావు. అది చివర్లో రాస్తాను, అక్కడే దాని చోటు.

ఇక నువ్వు గీత గీసి మరీ అడిగిన ప్రశ్న. "ఆయనకు ఎవరు చెప్పారు?"

పిన్ని భర్త, ఆ సర్వేయరు, మీ హాస్టలుకు వచ్చి, విజిటర్ల పుస్తకంలో చుట్టరికం అన్నచోట 'మరిది' అనీ, వచ్చిన పని అన్నచోట 'క్షేమసమాచారం' అనీ రాసి, బెంచీ మీద కూర్చుని "వదినగారూ, మీ చెల్లెలు ఎలా ఉంది?" అన్నాడని రాశావు. పదమూడేళ్ళ కిందట ఏట్లో పోయిందని మనం ఊరందరికీ చెప్పిన మనిషిని గురించి అలా అడిగాడు. నీ చేతిలోని తాళాలగుత్తి కింద పడిందన్నావు. ఆ తరువాత రాశావు: "ఇక నీకూ చెప్పక తప్పదు. మీ పిన్ని బతికే ఉంది. ఈ సంగతి నాకూ మీ మామయ్యకూ తప్ప ఎవరికీ తెలియదు. నేను చెప్పలేదు. అంటే వాడే నోరు జారాడు. ఇక వాడి గుమ్మం తొక్కను. నువ్వు ఇందులో తలదూర్చకు. ఫోనులో ఎత్తకు, పేర్లు రాయకు, ఇది చదివి చింపెయ్."

చింపలేదు. పేర్లు మాత్రం రాయడం లేదు. పిన్ని బతికే ఉందని నీ ఉత్తరం రాకముందే నాకు తెలుసమ్మా.

నా పని ఏమిటో నీకు ఎప్పుడూ సరిగ్గా అర్థం కాలేదు. అడిగినవాళ్ళకు 'కంప్యూటరు ఉద్యోగం' అని చెప్పుకుంటావు. నేను చేసేది పాత జనన మరణాల రిజిస్టర్లను ఒక్కో పేజీ గాజు పలక కింద పరిచి ఫొటో తీయడం. కాగితాల అంచులు బిస్కెట్లలా విరుగుతాయి. మెత్తటి బ్రష్షుతో దుమ్ము దులిపి, వేలు తగలకుండా స్కేలుతో తిప్పాలి. మా రికార్డు కీపరు ముప్పయ్యేళ్ళుగా ఆ గదిలోనే ఉన్నాడు. మేమంతా వెనక 'దుమ్ముగారు' అంటాం, ఆయనకూ తెలుసు. నేను చేరిన రోజు ఆయన ఒక్కటే చెప్పాడు: "అమ్మాయ్, పోయినవాళ్ళ కాగితం అడిగినవాళ్ళకివ్వు. బతికున్నవాళ్ళ కాగితం బతికున్నవాళ్ళ చేతికే ఇవ్వు. ఈ ఆఫీసు మొత్తం ఆ రెండు ముక్కలే, మిగతాదంతా టీ."

పిన్ని పోయిన తేదీ కోసం ఆ ఏడాది మరణాల రిజిస్టరంతా చూశాను. నువ్వు ఎప్పుడడిగినా 'వానాకాలం' అని ఊరుకునేదానివి. ఆ ఏడాదిలో లేదు, ఆ తరువాతి ఏడాదిలో లేదు. ఏట్లో పోయినవాళ్ళను ఎవరు రాయించారులే అనుకున్నాను. పోయిన నెల దరఖాస్తుల కట్ట ఒకటి నా బల్ల మీదికి వచ్చింది. జనన ధ్రువపత్రం నకలు కావాలని మూడేళ్ళ కిందట ఎవరో పెట్టుకున్న కాగితం. పుట్టిన తేదీ పిన్నిది. తల్లిదండ్రులు మన అమ్మమ్మ, తాతయ్య. సంతకం కింద గీత, గీత కింద రెండు చుక్కలు. నా ఎనిమిదో పుట్టినరోజుకు పిన్ని ఇచ్చిన రంగుల పుస్తకం మొదటి పేజీలో అదే గీత, అవే చుక్కలు. ఆ పుస్తకం ఇప్పటికీ నా పెట్టెలో ఉంది. దరఖాస్తులో చిరునామా కూడా ఉంది. నేను చదవకూడనిది, చదివాను. దుమ్ముగారు గ్లాసుతో నీళ్ళు తెచ్చి పెట్టేదాకా నేను ఏడుస్తున్నానని నాకు తెలియలేదు.

సర్వేయరు నీ దగ్గరితో ఆగలేదు. బుధవారం మా ఆఫీసుకు వచ్చాడు.

నేను కౌంటరు వెనక బల్ల దగ్గరున్నాను. ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్ను. ముందు కౌంటరు మీద జేబురుమాలు పరిచి, దాని మీద చెయ్యి పెట్టాడు. మాట్లాడుతున్నంతసేపూ కౌంటరు పొడవును జానలతో కొలుస్తూనే ఉన్నాడు. ఆ జానలు చూశాక మొహం చూడనక్కర్లేకపోయింది. ఇంటి నుంచి కూరగాయల కొట్టుకు పిన్నికి ఎన్ని అడుగులు పడతాయో, ఎన్ని నిమిషాలు పట్టాలో లెక్కకట్టి, గుమ్మంలో గడియారం చూస్తూ నిలబడేవాడని నువ్వే ఒకసారి అన్నావు, నేను నిద్రపోయాననుకుని.

"నా భార్య మరణ ధ్రువపత్రం కావాలండీ."

"ఎప్పుడు పోయారు?" దుమ్ముగారు అడిగాడు.

"పదమూడేళ్ళయింది."

"పదమూడేళ్ళకు గుర్తొచ్చిందా మహానుభావా?"

"పనుల్లో పడి కుదరలేదు" అన్నాడు నవ్వుతూ.

దుమ్ముగారు రెండు రిజిస్టర్లు తిరగేసి లేదన్నాడు. సర్వేయరు మొహంలో బాధ లేదు, తూకం సరిపోయిన మనిషిలా తలూపాడు. "లేదా? మంచిదే. అయితే ఆవిడ పేరున ఈమధ్య ఎవరైనా ఏదైనా కాగితం పట్టుకెళ్ళారా? ఆ దరఖాస్తు ఒక్కసారి చూపిస్తారా?"

"దరఖాస్తులు చూపించం."

"భర్తనండీ నేను."

"మీరు బ్రహ్మదేవుడైనా చూపించం. ఆవిణ్ణి తీసుకురండి, ఆవిడ చేతికిస్తాను."

"ఆ పనిమీదే ఉన్నానండీ" అన్నాడు. జేబురుమాలు నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. వెళుతూ వెళుతూ నా వైపు తిరిగి ఇంకో మాట అన్నాడు. అది ఇప్పుడే రాయలేను, కాస్త ఆగు.

మర్నాడు పై ఆఫీసు నుంచి తాఖీదు వచ్చింది. గడిచిన అయిదేళ్ళ దరఖాస్తుల ఫైలును పరిశీలనకు పంపమని. ఎవర్ని పట్టుకున్నాడో తెలియదు. వచ్చే శుక్రవారంలోగా పంపాలి. పంపితే ఆ చిరునామా ఆయన బల్ల మీద ఉన్నట్టే.

దుమ్ముగారు భోజనానికి వెళ్ళిన వేళ చూసి ఆ కాగితం కట్టలోంచి బయటకు లాగాను. చింపుదామనే లాగాను. వెనక నుంచి "అమ్మాయ్" అని వినిపించింది.

"చింపితే ఏమవుతుందో చెప్పనా? వరస నంబర్లుంటాయి. నూట పదకొండు ఉంటుంది, నూట పదమూడు ఉంటుంది. అన్నీ ఉన్నప్పుడు ఎవడూ చదవడు, ఒకటి లేకపోతే అందరూ దాన్నే చదువుతారు. ముప్పయ్యేళ్ళుగా చూస్తున్నాను."

"మరేం చెయ్యమంటారు సార్?" అని అరిచాను. అంత గట్టిగా ఆ గదిలో ఎవరూ అరిచి ఉండరు.

ఆయన కాగితం తీసుకుని, చదవకుండానే కట్టలో పెట్టేశాడు. "ఈవిడ నీకేమవుతుందో నేను అడగను. ఈవిడే స్వయంగా వచ్చి, ఫలానావాడి మీద పోలీసులకు ఫిర్యాదిచ్చాను, నా వివరాలు వాడికి ఇవ్వొద్దు అని నాకు రాసిస్తే ఫైలు కదలనివ్వను. పై ఆఫీసు కాదు, పైవాడు అడిగినా సరే. కానీ రాసిచ్చేది బతికున్న మనిషై ఉండాలి. చచ్చిపోయినవాళ్ళకు అలాంటి సౌకర్యం లేదమ్మా."

ఇప్పుడు రాయవలసింది రాస్తాను. మూడుసార్లు ఈ పేరా మొదలుపెట్టి కాగితం పారేశాను.

మామయ్య నోరు జారలేదు. చెప్పింది నేను.

ఆ వంశవృక్షం సైటులో మనిషికో పెట్టె ఉంటుంది. పోయినవాళ్ళ పెట్టె తెల్లగా, పేరూ తేదీలూ ఫొటోతో అందరికీ కనిపిస్తుంది. బతికున్నవాళ్ళ పెట్టె బూడిదరంగులో ఉంటుంది. పేరు కనపడదు, 'జీవించి ఉన్నారు' అని రెండు మాటలే ఉంటాయి. నీ పెట్టె అలాంటిదే, నాదీ అలాంటిదే. నేను అజాగ్రత్త మనిషిని కాదమ్మా. ఎవరి ఫోన్ నంబరూ పెట్టలేదు, ఎవరి ఇంటి చిరునామా పెట్టలేదు. అమ్మమ్మ జబ్బు పేరు కూడా రాయలేదు. పిన్ని పోయిందనుకున్నాను కాబట్టి తెల్లపెట్టె పెట్టాను. ఆ దరఖాస్తు చూసిన రోజు ఇంటికొచ్చి మొట్టమొదట చేసిన పని ఆ పెట్టె తెరవడం. అయ్యో, బతికున్న మనిషి ఫొటో, పుట్టిన తేదీ ఊరంతా చూసేలా పెట్టానే అని భయపడ్డాను. దాచుదామని 'జీవించి ఉన్నారు' అన్న గడిలో టిక్కు పెట్టాను. పేరు మాయమైంది. పెట్టె బూడిదరంగులోకి మారింది. హమ్మయ్య అనుకున్నాను. హమ్మయ్య అని పైకే అన్నాను కూడా.

నాలుగు నెలల కిందట ఎవరో మొహం లేని ఖాతా నుంచి రాశారు. "మీ చెట్టూ మా చెట్టూ ఒకచోట కలుస్తున్నాయి, కలుపుకుందామా?" అని. ఐదు తరాల పేర్లు, పాత ఫొటోలు పంపారు. నేను సంబరపడి సరేనన్నాను. అలా కలిసినవాళ్ళకు మన చెట్టులో ఏ పెట్టె మారినా కబురు వెళుతుంది. పిన్ని పెట్టె మారిన రోజు కూడా వెళ్ళింది.

కౌంటరు దగ్గర వెళుతూ సర్వేయరు నాతో అన్న మాట ఇది: "చెట్టు బాగా కట్టావమ్మా. ఓపిక ఉంది నీకు. ఒక్క పెట్టె రంగు మారితే చూసి చాలా సంతోషించాను."

ఆ రోజే చెట్టంతా తీసేశాను. ఏం లాభం? చూసినవాడి కళ్ళలోంచి తీసెయ్యలేను కదా. మామయ్యకు ఫోన్ చేసి నీ అనుమానం సంగతి చెబితే "ఆ అక్కాచెల్లెళ్ళ కోసం పదమూడేళ్ళు నోరు కుట్టుకున్నాను, ఇప్పుడు ఈ బహుమానమా?" అని పెట్టేశాడు. ఆయన గుమ్మం నువ్వు తొక్కాలి. అది నీ బాకీ.

ఆదివారం బస్సెక్కి పిన్ని దగ్గరికి వెళ్ళాను. మూడుచోట్ల దిగి బస్సు మారాను, ఎవరైనా వెంట ఉన్నారేమోనని.

కళ్ళద్దాల దుకాణం వెనక గది. అద్దాలు అరగదీసే యంత్రం ముందు ఒకావిడ కూర్చుని ఉంది, చేతులకు మోచేతుల దాకా తెల్లటి పొడి. పెద్ద ఫ్రేము కళ్ళద్దాలు పెట్టుకుంది. వాటికి పవరు లేదని తరువాత తెలిసింది, మొహం మారడానికి పెట్టుకుంటుందట. కుడిచేతి చిటికెనవేలు, ఉంగరపు వేలు వంగినవి వంగినట్టే ఉన్నాయి. నన్ను చూసి ముందు నువ్వనుకుంది. "అక్కా" అంది. తరువాత కాదని అర్థమై అద్దం చేజార్చింది.

"ఎవరైనా వెంట వచ్చారా?"

పదమూడేళ్ళ తరువాత మా పిన్ని నాతో అన్న మొదటి మాట ఇదమ్మా.

ఉన్నదున్నట్టు చెప్పాను. వింటూనే బల్ల కింద నుంచి సంచి లాగింది. సర్దిన సంచి. ఎప్పుడూ సర్దే ఉంటుందట. ఇది నాలుగో ఊరు.

"నీకు ముచ్చటైన చెట్టు కావాలి. నాకు తలుపుకు గడియ కావాలి" అంది. నేను కాళ్ళు పట్టుకోబోతే వెనక్కి జరిగింది. "ఏడవకు. నీ ఏడుపు ఒకసారి చాలా పనికొచ్చింది, ఇక వద్దు."

అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది. "నా చెప్పులు వంతెన మీద విడిచి రమ్మన్నది మీ అమ్మ, తీసుకెళ్ళి పెట్టింది మీ మామయ్య" అంది. ఊరు సగమే నమ్మిందట. నేను పదిహేను రోజులు అన్నం ముట్టకుండా, బడికి వెళ్ళకుండా, వీధి గుమ్మంలో కూర్చుని ఏడుస్తుంటే చూసి మిగతా సగం నమ్మిందట. "పిల్లకు చెబుదామని నేనన్నాను. మీ అమ్మ వద్దంది. పిల్ల నిజంగా ఏడిస్తేనే ఆయన నమ్ముతాడంది."

అమ్మా, నువ్వు పిన్నిని బతికించావు, నాకు తెలుసు. అప్పుడు నీకు ఇంకో దారి తోచలేదు, అదీ తెలుసు. కానీ తొమ్మిదేళ్ళ పిల్ల ఏడుపును సాక్ష్యంగా వాడుకుని, ఆ పిల్ల కళ్ళతో చూసిన సాక్ష్యాన్ని మాత్రం మింగించావు. తలుపు సంగతి నేను మరిచిపోయాననుకున్నావు. ఆ రోజు నేను వంటగదిలో బియ్యం డబ్బా వెనక ఉన్నాను. దాగుడుమూతలాట. ఆయన పిన్నిని తీసుకుపోవడానికి వచ్చాడు. పిన్ని రానంటూ గుమ్మం పట్టుకుంది. ఆయన అరవలేదు. గడియారం చూసుకున్నాడు. తలుపు మూశాడు, ఆమె చెయ్యి అక్కడుండగానే, నెమ్మదిగా, గడియ పడేదాకా. తరువాత నువ్వు నా భుజాలు పట్టుకుని "నువ్వు చూడలేదు. తలుపు గాలికి పడింది. ఏదీ, చెప్పు" అన్నావు. నేను చెప్పాను. నీకూ, డాక్టరుకూ, అడిగినవాళ్ళందరికీ చెప్పాను. ఆ రోజు కిటికీలన్నీ మూసే ఉన్నాయి.

పిన్ని సంచి భుజాన వేసుకుని వీధి తలుపు దాకా వెళ్ళింది. అక్కడ చాలాసేపు నిలబడింది. దుకాణం ఆయన లోపలి నుంచి "ఏమ్మా, ఆ ముసలాయన జత పూర్తయిందా?" అని కేకేశాడు. పిన్ని "ఇంకొక్కటుందండీ" అని జవాబిచ్చి, సంచి దించి, యంత్రం ముందు కూర్చుంది. నా వైపు చూడకుండానే అడిగింది.

"ఆ దుమ్ముగారన్నది నిజమేనా? నేనే వచ్చి వద్దంటే చాలునా?"

"ముందు ఫిర్యాదు ఉండాలట."

"సాక్షి లేకుండా ఎవడు తీసుకుంటాడు పదమూడేళ్ళ నాటి ఫిర్యాదు?"

అప్పుడు తలుపు సంగతి చెప్పాను. ఆమె యంత్రం ఆపింది. నేను అక్కడ ఉన్నానని ఆమెకు ఇన్నేళ్ళూ తెలియదు.

నన్ను క్షమించలేదు. "ఆ మాట అడగకు, నాకిప్పుడు తీరిక లేదు" అంది. ఫిర్యాదు ఇస్తే ఆయన చల్లబడతాడని మేమిద్దరం అనుకోవడం లేదు. ఇంకా రెచ్చిపోవచ్చు. పిన్నికి నిన్న రాత్రంతా నిద్ర లేదు, నాకు అన్నం మింగుడు పడటం లేదు. పైన వేళకు తింటున్నానని రాసింది నీకోసం రాశాను. వీధిలో ఎవరైనా లెక్కగా అడుగులేస్తూ నడిస్తే గోడకు ఆనుకుని నిలబడుతున్నాను. ఇంతకంటే మంచి దారి ఉంటే చూపించమని అడగడానికి కూడా నాకెవరూ లేరు.

పిన్ని తన కథ తనే చెబుతుంది. నీ పేరు నేను ఎక్కడా రాయను. నువ్వు వచ్చి చెప్పాలా వద్దా అన్నది నీ ఇష్టం, నీ తరఫున టిక్కు పెట్టే పని ఇక చెయ్యను. చూడకూడని దరఖాస్తు చూశానని దుమ్ముగారికి ఈ పొద్దున రాసిచ్చాను. ఉద్యోగం పోతుంది. నువ్వు అడిగిన ఉద్యోగం మారే సంగతి అది.

రేపు మంగళవారం పదకొండు గంటలకు పిన్ని తన పేరుతో ఫిర్యాదు ఇస్తుంది. తలుపు గాలికి పడలేదని నేను చెబుతాను. సాక్షి అన్నచోట నా పేరు, ఇంటిపేరుతో సహా పూర్తిగా రాసి సంతకం పెడతాను.

ఇట్లు,
ఆ రోజు వంటగదిలో ఉన్న
నీ కూతురు